అందరూ ఇంట్లో ఉంటేనే తలంటు

మొన్న మా మనవరాలు మా దీవి ఉత్తరపు కొసనున్న గ్రాన్ బే నుంచి వచ్చి రెండు రోజులు నా దగ్గర ఉంది. వస్తూ వస్తూ సంచిలో ఒక పొడవాటి డబ్బా తెచ్చింది. మూత తీసి నొక్కితే బుస్సుమని తెల్లటి పొడి వస్తుంది. దాన్ని కుదుళ్ళ దగ్గర కొట్టుకుని, వేళ్ళతో దులుపుకుని, దువ్వుకుంటే తలస్నానం చేసినట్టే ఉంటుందట. రోజూ తల రుద్దుకోవడం తప్పట, జుట్టుకు సహజంగా ఉండే జిడ్డంతా పోయి పీచులా తయారవుతుందట, వారానికి ఒక్కసారి చాలునట. కాత్ర్ బోర్న్‌లో నా చిన్న వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఇదంతా నాకు పాఠంలా చెప్పింది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. నేను నవ్వి ఊరుకున్నాను గానీ, వారానికి ఒక్కసారి అన్న మాట విని లోపల కొంచెం ఈర్ష్య కూడా పడ్డాను. మా ఇంట్లో నెలకోసారి తలంటు దొరికితే అదృష్టం. వానలు పట్టుకున్నాయంటే ఆ నెల కూడా దాటిపోయేది. అయినా మా తలలు ఎప్పుడూ కంపు కొట్టలేదు, పేలు పట్టలేదు. స్కూల్లో మిస్సులు నా జడ పట్టుకుని వాసన చూసి, మీ ఇంట్లో ఏం రాస్తారే అని అడిగేవారు. ఏం రాస్తారో చెప్పేదాన్ని. ఎందుకు రాస్తారో నాకే తెలియదు.

అప్పుడు మేం వకోవాలో ఉండేవాళ్ళం. వకోవాలో ఎండ పొగరుబోతు చుట్టం లాంటిది, వచ్చినట్టే వచ్చి గుమ్మంలోంచే వెళ్ళిపోతుంది. ఆరేసిన బట్టలు మూడో రోజుకీ చెమ్మగానే ఉండేవి. నాన్న పోర్ట్ లూయీలో సర్కారు ఆఫీసులో గుమాస్తా, నోట్లో నాలుక లేని మనిషి. పొద్దున్నే గొడుగు చంకలో పెట్టుకుని బస్సెక్కితే సాయంత్రం దీపాల వేళకు వచ్చేవాడు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది నాన్నకు అక్క, అచ్చమ్మ అత్త. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే, నేను పుట్టకముందే తమ్ముడి ఇంటికి వచ్చేసిందట. బక్కపల్చటి మనిషి, ముఖమంతా కళ్ళే, మోకాళ్ళ దాకా జుట్టు. ఆ ఇంట్లో నాన్న జీతం తెచ్చేవాడు, అత్త చట్టాలు చేసేది. అన్నిటికన్నా పెద్ద చట్టం తలంటుది.

ఆడవాళ్ళు శుక్రవారం తలంటుకోవాలని అందరి ఇళ్ళలోనూ ఉన్న మాటే. మా ఇంట్లో శుక్రవారం పనికిరాదు. శుక్రవారం నాన్న ఆఫీసులో ఉంటాడు, నేను స్కూల్లో ఉంటాను. ఇంట్లోంచి ఒక మనిషి ఊరికి బయల్దేరి వెళితే ఆ రోజు వెనకున్నవాళ్ళు తలస్నానం చెయ్యకూడదని మనవాళ్ళందరికీ తెలుసు. మనిషి పోయినప్పుడు చేసే స్నానం అది, బతికున్నవాళ్ళ వెనక చెయ్యకూడదు. కానీ ఎక్కడైనా అది దూరప్రయాణాలకు పాటిస్తారు. మా అత్త ఆ ఆచారాన్ని సాగదీసి సాగదీసి, మూలమీది చీనా దుకాణానికి రొట్టె కోసం వెళ్ళడం దాకా తీసుకొచ్చింది. గడప దాటిన మనిషి తిరిగి గడప లోపలికి వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరి తల మీదా చుక్క నీళ్ళు పడకూడదు. ఇక మిగిలింది ఆదివారాలు, సెలవు రోజులు. అందులోనూ ఎండ కాయాలి. వకోవాలో సెలవూ ఎండా ఒక్క రోజున కలిసి రావడమంటే మాటలా!

కలిసి వచ్చిన రోజున మా ఇల్లు జైలు. తెల్లారి ఆకాశం చూసి అత్త ముందుగా చేసే పని నాన్న బూట్లు, నా చెప్పులు ఎత్తుకెళ్ళి వంటింట్లో పొయ్యి పక్కన పెట్టడం. తర్వాత వీధి తలుపు గడియ పెట్టేది. నాన్న పేపరు తెచ్చుకోవడానికి కూడా వెళ్ళడానికి లేదు. వట్టి కాళ్ళతో కుర్చీలో కూర్చుని, నిన్నటి పేపరే మళ్ళీ చదివేవాడు. అత్త నానబెట్టిన మెంతులు, పెరట్లోని మందార ఆకులు కలిపి రుబ్బేది. నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి నా మాడున చేత్తో తట్టి తట్టి ఇంకించేది. శనగపిండితో నూనె వదలగొట్టి, మందారాకు ముద్దతో రుద్ది, డేక్షాడు వేణ్ణీళ్ళు పోసేది. తర్వాత తన తల. తర్వాత ఆరబెట్టడం, అసలు శిక్ష అదే. కుంపట్లో బొగ్గులు రాజేసి, సాంబ్రాణి చల్లి, దాని మీద వెదురు బుట్ట బోర్లించి, బుట్ట మీద జుట్టు పరుచుకుని వెల్లకిలా పడుకోవాలి. నా జుట్టు ఆరి, అత్త జుట్టు ఆరి, చివరి తడి పోయేసరికి ఎండ కూడా పోయేది. అప్పుడు తలుపు తీసేది. బయట వానచినుకులు మొదలై ఉండేవి.

మళ్ళీ అలాంటి రోజు వచ్చేదాకా తల శుభ్రంగా ఉండాలి కదా. దానికి అత్త దగ్గర వేరే విద్య ఉంది. రోజూ సాయంత్రం జడ విప్పి, సన్నపళ్ళ దువ్వెనతో మాడు నుంచి కొసదాకా ఓపికగా దువ్వేది. దువ్వెనను ప్రతిసారీ గుడ్డతో తుడిచేది. మాడు నుంచి జిడ్డును కిందికి తెచ్చి కొసలకు పట్టిస్తే మాడూ తేలికపడుతుంది, కొసలూ చిట్లవని ఆమె లెక్క. తలంటుకీ తలంటుకీ మధ్య మాడుకు నూనె తగలనిచ్చేది కాదు. నిమ్మాకులు వేసి కాచిన నీళ్ళలో పాత మల్లుగుడ్డ ముంచి, గట్టిగా పిండి, పాయపాయకూ మధ్య తుడిచేది. చెమట పట్టిన రోజున వేయించిన బియ్యప్పిండి, వట్టివేళ్ళ పొడి కలిపి చిటికెడు చల్లి దులిపేది. తలగడ మీద గుడ్డ రోజూ మార్చేది. శుక్రవారం శుక్రవారం సాంబ్రాణి పొగ. ఇప్పుడు నా మనవరాలు డబ్బాలో కొనుక్కున్నది, మా అత్త ఇత్తడి గిన్నెలో కలిపింది ఒక్కటే. తేడా ఏమిటంటే మనవరాలు ఇష్టమై తల కడుక్కోవడం మానుకుంది. మేం తలుపు గడియకు భయపడి మానుకున్నాం.

ఎందుకత్తా ఇదంతా అని అడగని నెల లేదు. వకోవా చలికి తడి తలతో బయట తిరిగితే ఊపిరితిత్తుల్లోకి చలి దిగుతుంది, నీ రొమ్ము బలహీనం అనేది. నేను నమ్మాను. నా రొమ్ము వల్లే అందరం ఇలా బందీలమయ్యామని కొన్నేళ్ళు సిగ్గుపడ్డాను కూడా. మరి నాన్న బూట్లెందుకు దాస్తావని అడిగితే పనుందని లేచిపోయేది. కొంచెం పెద్దయ్యాక నమ్మడం మానేశాను, కోపం తెచ్చుకోవడం మొదలుపెట్టాను. ఒకసారి మా క్లాసు ఆడపిల్లలంతా ఆదివారం ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ సముద్రానికి వెళ్ళాలని బస్సు మాట్లాడుకున్నారు. నాన్న సరేనన్నాడు. ఆ ఉదయం నేను గౌను వేసుకుని, చెప్పులు వెతుక్కోవడానికి వంగితే, వెనక నుంచి అత్త దోసెడు నూనె నా మాడు మీద వంపేసింది. తల మీద నూనె పడిందా, నీళ్ళు పోసుకోకుండా గడప దాటకూడదు, అశుభం. నీళ్ళు పోసుకున్నాక ఆమె చట్టం ప్రకారం ఎలాగూ దాటకూడదు. అడకత్తెరలో పోకచెక్కలా అయింది నా పని. పిల్లలు గేటు దగ్గర నిలబడి నా పేరు పెట్టి పిలిచారు. నేను బుట్ట మీద జుట్టు పరుచుకుని, సాంబ్రాణి పొగలో కళ్ళు మండుతున్నాయన్న వంకతో ఏడ్చాను. నాన్న పేపరు వెనక నుంచి ఒక్క మాట అనలేదు. ఆ రోజు అత్త మీద కన్నా నాన్న మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

చదువు అయింది, టీచరు ట్రైనింగు అయింది. రోజూ వెళ్ళి రోజూ వచ్చే చదువులు కాబట్టి ఎలాగో జరిగిపోయాయి. తెలుగు చెప్పే టీచరుగా నన్ను కాంప్ ద మాస్క్ బడికి, మా అత్త మాటలో లేకోల్‌కి, వేశారు. వకోవా నుంచి బస్సులు మారి మారి వెళ్ళాలి, రోజూ తిరగడం కుదరదు. అక్కడ నాన్నకు వరసకు తమ్ముడు, మా చిన్నాన్న ఉన్నాడు, చెరకు తోటల పక్కన ఇల్లు. ఆయన ఇంట్లోనే ఉండమన్నాడు. నాకైతే కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ సంగతి చెప్పిన రోజున అత్త బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టలేదు, తలెత్తలేదు.

"నువ్వు అక్కడ లేకోల్‌లో ఉండిపోతే, మరి నేను తల ఎప్పుడు కడుక్కునేది?" అంది.

ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నా ఒళ్ళు మండుతుంది, వెంటనే జాలి కూడా వేస్తుంది. అప్పుడు మాత్రం మంటే. నా ఉద్యోగం, నా జీతం, నా బతుకు తక్కెడలో ఒక వైపు, ఈవిడ తలస్నానం ఇంకో వైపు! ఇరవై ఏళ్ళు నన్ను ఈ చెమ్మ గోడల మధ్య కూర్చోబెట్టింది ఇందుకా అని అడిగాను. ఇంకా చాలా అన్నాను. అత్త రాళ్ళు ఏరుతూనే ఉంది. నాన్న మధ్యలో రెండుసార్లు దగ్గాడు.

బడిలో చేరాల్సిన రోజు ఉదయం నాన్న నా పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నాను. మాడు మీద వెచ్చగా తగిలింది. నూనె! నుదుటి మీదికి, చెవుల వెనక్కి, కొత్త జాకెట్టు మెడమీదికి కారింది. అత్త గిన్నె పట్టుకుని నా వెనక నిలబడి ఉంది. ఆమె ముఖంలో గెలిచినట్టు ఏమీ లేదు. భయపడిన పిల్లలా ఉంది. నేను నాన్న వైపు చూశాను. ఆయన కూడా అక్క ముఖమే చూస్తున్నాడు. కాసేపటికి పెట్టె ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

"పదమ్మా, బస్సు వెళ్ళిపోతుంది," అన్నాడు.

ఆయన నా పక్షాన అన్న మొదటి మాట అది. నూనె తలతోనే గడప దాటాను. బస్సులో పక్కన కూర్చున్న క్రియోల్ ఆవిడ నా మెడ మీద కారుతున్నది చూసి, ఏమీ అడగకుండా తన తలగుడ్డ విప్పి ఇచ్చింది. దాంతో తుడుచుకుని, అదే తలకు చుట్టుకుని బడిలో చేరాను. హెడ్మాస్టరు నన్ను ఎగాదిగా చూసి సంతకం పెట్టమన్నాడు.

కాంప్ ద మాస్క్‌లో ఎండ ధారాళం. స్వేచ్ఛ వస్తే ఏం చేసుకోవాలో తెలియక ముందు జుట్టు మీద పడ్డాను. మొన్న కడుక్కున్నాను, ఇవాళ కడుక్కుంటాను, ఎల్లుండి కడుక్కుంటాను, నా ఇష్టం! దుకాణంలో షాంపూ కొని నురగలు నురగలుగా రుద్దేదాన్ని. ఆరకముందే చెరకు తోటల గట్టు మీద అటూ ఇటూ తిరిగేదాన్ని. నెల తిరిగేసరికి కొసలు చిట్లి, మాడు పొట్టు రాలి, దువ్వెనలో గుప్పెడేసి జుట్టు వచ్చింది. చిన్నమ్మ చూసి, నీకేమైనా జబ్బా అంది. జబ్బేం కాదు, కసి.

నేను బడిలో చేరిన ఆ ఏడాది మొదట్లోనే పోర్ట్ లూయీలో గొడవలు జరిగాయి. ఇళ్ళు తగలబెట్టారు, మనుషులు పోయారు, రోడ్ల మీదికి ఇంగ్లీషు సిపాయిలు దిగారు. బస్సులు ఏ రోజు నడుస్తాయో ఏ రోజు ఆగుతాయో తెలియదు. నేను ఇంటికి వెళ్ళలేకపోయాను. నాన్న ఒక శనివారం ఎలాగో వచ్చి నన్ను చూసి వెళ్ళాడు. కాఫీ తాగుతూ, అత్త ఇంకా తల కడుక్కోలేదమ్మా అన్నాడు. నేను క్షేమంగా చేరానని చెప్పావు కదా, ఇంకేమిటి బాధ అన్నాను.

"చెప్పాను. నా మాట నమ్మదు," అన్నాడు. ఎందుకు నమ్మదని అడిగితే గొడుగు వెతుక్కుని లేచాడు.

మార్చిలో మా దీవికి స్వాతంత్ర్యం అన్నారు. సెలవులిచ్చారు. బడి పిల్లలకు జెండా రంగులు నేర్పించి, పాట నేర్పించి, పండగకు ముందు రోజు మధ్యాహ్నానికి వకోవా చేరాను. మర్నాడు పొద్దున మా బడిలోని ఇద్దరు టీచర్లు వకోవా బస్టాండు దగ్గర నా కోసం ఆగుతారు, ముగ్గురం పోర్ట్ లూయీలోని షాం ద మార్స్ మైదానానికి వెళ్ళి జెండా ఎగరడం చూడాలి. అదీ ఏర్పాటు. అత్త మెట్ల మీదే కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. నేను పక్కన కూర్చోగానే నా జడ చేతిలోకి తీసుకుని, కొస నలిపి చూసి, నీళ్ళు ఎక్కువ పోశావు అంది. అప్పుడామె జుట్టు చూశాను. రెండు నెలలుగా నీళ్ళు తగలని జుట్టు. మధ్యలో తెలుపు పెరిగింది. పాయ తీసి చూస్తే మాడు శుభ్రంగా, తెల్లగా ఉంది. వాసన చూస్తే నిమ్మాకు, సాంబ్రాణి. ఎంతసేపు దువ్వుకుందో, ఎంతసేపు తుడుచుకుందో ఒక్కతే ఆ ఇంట్లో కూర్చుని! నా కోపం అక్కడే నీరుగారిపోయింది. ఇప్పటికైనా చెప్పత్తా, నా రొమ్ము సంగతి కాదు, అసలు సంగతి చెప్పు అన్నాను.

"మీ అమ్మని లోపితాల్‌కి తీసుకెళ్ళిన రోజు నేను తలంటుకున్నాను పాపా," అంది.

ఆ రోజు శుక్రవారమట. చాలా రోజుల తర్వాత మంచి ఎండ కాసిందట. అమ్మకు జ్వరం, నాన్న కారు మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్ళి, తిరిగొచ్చి, బాగానే ఉంది, రెండు రోజుల్లో పంపేస్తారన్నాడట. బాగానే ఉంది కదా అని అత్త తల నిండా నూనె పెట్టుకుని నీళ్ళు పోసుకుందట. జుట్టు ఆరకముందే కబురు వచ్చిందట. తడి జుట్టుతోనే నన్ను ఎత్తుకుని వాకిట్లో నిలబడిందట. ఇంతే చెప్పింది. అమ్మ జ్వరంతో పోయింది కానీ నీ వల్ల కాదత్తా, ఆ జ్వరం అంతకుముందు నుంచీ ఉన్నదే అన్నాను. బడిలో పాఠం చెప్పే గొంతుతోనే అన్నాను.

"తెలుసు. డాక్టరు చెప్పాడు, మీ నాన్న చెప్పాడు. తెలుసులే. అయినా నువ్వు బయట ఉంటే నేను నీళ్ళు పోసుకోలేను."

ఆ సాయంత్రం నాకు చిక్కుముళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి. గడియ, చెప్పులు, సముద్రానికి వెళ్ళని ఆదివారం, నమ్మని మాట. అన్నిటికన్నా ఎక్కువగా పేపరు వెనక కూర్చున్న నాన్న. ఆయనకు ఈ మూఢనమ్మకాల మీద ఆవగింజంత నమ్మకం లేదు. అయినా ఇరవై ఏళ్ళు ఎండ కాసిన ఆదివారమల్లా బూట్లు ఇచ్చేసి, వట్టి కాళ్ళతో కూర్చున్నాడు, తన అక్క భయం లేకుండా తల కడుక్కోవాలని. నేను ఆయన్ను పిరికివాడనుకున్నాను.

మర్నాడు వకోవాలో ఎండ! నమ్మరు, మబ్బు తునక కూడా లేదు. పొద్దున్నుంచే రోడ్డు మీద బస్సులు, లారీలు, జెండాలు, పాటలు. అందరూ పోర్ట్ లూయీ వైపే. అత్త నా చీర ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది, వెళ్ళి చూసి రమ్మంది. నూనె గిన్నె ఎక్కడా కనబడలేదు. నేను బస్టాండుకు వెళ్ళి, స్నేహితురాళ్ళతో మీరు వెళ్ళండి, నాకు ఇంట్లో పనుంది అని చెప్పి తిరిగొచ్చాను. నా చెప్పులు, నాన్న బూట్లు తీసుకెళ్ళి వంటింట్లో పొయ్యి పక్కన నేనే పెట్టాను. వీధి తలుపు నేనే గడియ వేశాను. నూనె కాచాను, మెంతులు లేవు, ఉన్న మందార ఆకులే రుబ్బాను. అత్త పీట మీద కూర్చుంది. ముందు గదిలో నాన్న రేడియో పెట్టాడు. బ్యాండు, జనం కేకలు వినిపిస్తున్నాయి. నేను చెంబు ముంచి ఎత్తేసరికి అత్త నా మణికట్టు పట్టుకుంది.

"అందరూ లోపలే ఉన్నారా?"

"ఉన్నామత్తా."

"మీ నాన్న?"

నేను జవాబు చెప్పేలోపే ముందు గదిలోంచి ఆయన, "ఉన్నానక్కా," అన్నాడు. అప్పుడు చెయ్యి వదిలింది. నేను నీళ్ళు పోశాను. రేడియోలో పాత జెండా దిగింది, కొత్త జెండా ఎక్కింది, తుపాకులు పేలాయి. దేశం స్వతంత్రమైన రోజున నువ్వెక్కడున్నావని ఏటా మార్చిలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. గడియ పెట్టిన ఇంట్లో మా అత్తకు తలంటుతున్నానని చెబితే నవ్వుతారు.

అత్త ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. నేను ఇంటికి వెళ్ళిన రోజే ఆమెకు తలంటు, వెళ్ళని నెలలో దువ్వెనా నిమ్మాకు నీళ్ళూ. ఆమె గడప దాటి వెళ్ళిన రోజున, ఆచారం ప్రకారం, అందరం తలస్నానం చేశాం. వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. నా తల మీద నీళ్ళు పడుతుంటే, ఆమెకు ఇష్టం లేని పని చేస్తున్నట్టే అనిపించింది.

ఇప్పుడు కాత్ర్ బోర్న్‌లో నేను ఒక్కదాన్నే. కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళు, మీట నొక్కితే జుట్టు ఆరబెట్టే మిషను. సంత పక్క దుకాణంలో షాంపూలు అరల నిండా ఉన్నాయి. నన్ను ఎవరూ ఏ గడియా వేసి కూర్చోబెట్టరు. చదువుకున్నదాన్ని, చదువు చెప్పినదాన్ని, ఇవన్నీ చాదస్తాలని ఎన్నో క్లాసుల్లో చెప్పాను. ఈ పొద్దున మనవరాలు వెళ్తూ వెళ్తూ నా జడ పట్టుకుని, ఈ వయసులో ఇంత ఒత్తుగా ఎలా ఉంది, నువ్వు ఎన్నాళ్ళకోసారి కడుక్కుంటావు అమ్మమ్మా అని అడిగింది. కుదిరినప్పుడు అన్నాను. ఇవాళ శుక్రవారం, ఎండ బాగుంది. పొద్దున తలకు నూనె పెట్టుకున్నాక గుర్తొచ్చింది, పిల్ల ఇంకా దారిలోనే ఉందని. గ్రాన్ బే చేరగానే ఫోను చెయ్యమన్నాను. బకెట్లో నీళ్ళు చల్లారిపోతున్నాయి, ఫోను ఇంకా మోగలేదు.